ఆ పడటం నమ్మబుద్ధి కాదు

పోయినవారం మార్నీని కాలేజీ రెండో అంతస్తులో, మీడియా గదిలో, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. తలుపు తోసుకుని లొరెయిన్ లోపలికి వచ్చింది. ఆవిడ చేతిలో వరండా గోడ మీంచి పీకిన కాగితం ఉంది. పిన్నులు తియ్యకుండా లాగినట్టుంది, మూలలు చిరిగిపోయాయి.

ఈ కథ ఇవాళే మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో పుట్టి పెరిగిన జూడ్ అనే పదిహేడేళ్ల కుర్రాడు ఫిబ్రవరిలో చనిపోయాడు. వాడి క్లాసు పిల్ల మార్నీ పరీక్ష కోసం ‘రేవు కుర్రాడు’ అని ఓ చిన్న సినిమా తీసింది. జూడ్ నటించాడు, టెస్ అనే ఇంకో పిల్ల కెమెరా పట్టింది. షూటింగ్ అయిన సాయంత్రం జూడ్ ఇంటికెళ్లి తలనొప్పి అన్నాడు. తల్లి లొరెయిన్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టింది. తెల్లవారుజామునే చేపల షెడ్డుకి పనికి వెళ్లి, మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే పిల్లాడు లేవలేదు. తలకి గట్టి దెబ్బ తగిలిందని, లోపల రక్తం గడ్డకట్టిందని డాక్టర్లు అన్నారు. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, మార్నీకి, టెస్‌కి. ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. లొరెయిన్ మాత్రం తన ఇంటి మెట్ల మీద లేచిపోయిన తివాచీకి కాలు తట్టుకునే కొడుకు రాత్రి పడిపోయాడని నమ్మింది. ఆ తివాచీకి మేకు కొట్టించనిది తనే కాబట్టి కొడుకుని చంపింది కూడా తనేనని నమ్మింది. వచ్చే మంగళవారం విచారణాధికారి ముందు ఆ మాటే చెప్పబోతోంది.

ఇక గదిలోకి వెళదాం.

"మార్కస్ ఫెయిర్‌లీ ఎవరు?" అని అడిగింది లొరెయిన్.

ఆవిడ ఇంకేదో అడుగుతుందనుకుంది మార్నీ. ఆరువారాలుగా ప్రతి తలుపు చప్పుడుకీ అదే భయం. ఈ ప్రశ్నకి మాత్రం సిద్ధంగా లేదు.

"ఎవరూ?"

"ఇదిగో, ఇక్కడ రాసుంది కదా. ‘సమీక్ష: మార్కస్ ఫెయిర్‌లీ’. ఈయన నంబరు కావాలి నాకు. నంబరు లేకపోతే ఆ పత్రిక ఆఫీసు అడ్రసైనా సరే. కింద ఆఫీసులో పిల్లనడిగితే నాకు తెలీదు, పైన మార్నీ ఉంది అడగండి అంది."

కాగితాన్ని బల్ల మీద పరిచి, చిరిగిన మూలల్ని అరచేత్తో నొక్కింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది. వలటోపీ కింద అణిగిపోయిన జుట్టు ఇంకా అలాగే తలకి అతుక్కుని ఉంది. చేతులు ఐసు నీళ్లలో నాని ఎర్రగా ఉన్నాయి.

ఆ పేజీ మార్నీ చేసిందే. రెండు వారాలు దాని మీదే కూర్చుంది. పైన ‘మ్యాట్నీ’ అని పత్రిక పేరు. పేజీ సగం దాకా ఒకటే ఫొటో, పడవల్ని నీళ్లలోకి దించే ఏటవాలు గట్టు మీద జూడ్ వెనక్కి పడిపోతున్న క్షణం. కాళ్లు గాల్లో ఉన్నాయి, చేతులు దేన్నో పట్టుకోబోయి ఖాళీగా ఉన్నాయి. కింద మూడు నిలువు వరసల్లో సమీక్ష, చివర అయిదింట మూడు నక్షత్రాలు. వరసల మధ్య ఎర్రటి పెద్దక్షరాల్లో ఒక వాక్యం విడిగా కనిపించేలా వేసింది. "ఆ కుర్రాడు పడిన తీరు మాత్రం నమ్మబుద్ధి కాదు."

ఈ చదువు తమాషా ఏమిటంటే, సినిమా తీస్తే సరిపోదు. దానికి పోస్టరు వెయ్యాలి, పత్రికలో వచ్చినట్టుగా సమీక్ష పేజీ కూడా తయారుచెయ్యాలి. మన సినిమాకి మనమే, పరాయివాడి గొంతుతో, పరాయి పేరుతో సమీక్ష రాసుకోవాలి. అందులో ఆహా ఓహో అని పొగుడుకుంటే మార్కులు పోతాయి. "అయిదు నక్షత్రాలు ఇచ్చుకున్నావంటే మీ అమ్మమ్మ రాసిపెట్టిందనుకుంటారు తల్లీ, ఒక్క లోపమన్నా పట్టు" అన్నాడు వాళ్ల సర్ ప్రిచర్డ్. పట్టిన లోపాన్ని పెద్దక్షరాల్లో వెయ్యమని కూడా ఆయనే చెప్పాడు. అక్కడే చూపు ఆగుతుందట, పేజీ తిప్పబోయేవాడు ఆగి చదువుతాడట.

క్లాసులో సినిమా వేసి చూపించినప్పుడు పిల్లలు రాసిచ్చిన అభిప్రాయాల్లో సగం మంది ఒకే మాటన్నారు. పడిపోయే చోట మాత్రం నకిలీగా ఉంది, కింద పరుపు వేసినట్టు తెలిసిపోతోంది అని. ఆ మాట చదివినప్పుడు మార్నీకి ఏమనిపించిందో దాచకుండా చెప్పాలి. ప్రాణం కుదుటపడింది. తను పోలీసులతో చెప్పిందీ అదే. పడటం నటనే, కింద జిమ్ పరుపు వేశాం, ఇంటికెళ్లేటప్పుడు బాగానే ఉన్నాడు. ఇప్పుడు క్లాసు క్లాసంతా ఆ అబద్ధానికి సాక్షి సంతకం పెట్టినట్టయింది. అందుకే ఆ లోపాన్నే ఏరుకుంది, అచ్చులో వేసింది, ఎర్రరంగు పూసింది. అలాంటి పని చేసిన చేతులకి రెండు వారాలు నిద్రెలా పట్టిందో నాకైతే తెలియదు.

"లొరెయిన్, ఆయన లేడు" అంది మార్నీ.

"లేడంటే? ఉద్యోగం మానేశాడా?"

"అలా కాదు. అసలు మనిషే లేడు. పత్రిక కూడా లేదు. ఇది మా కోర్సులో పని. పత్రికలో వచ్చినట్టు మేమే రాసుకోవాలి. పేరు ఊరికే పెట్టాను."

లొరెయిన్ కాగితం వంక చూసింది, మార్నీ వంక చూసింది. పక్కనున్న కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది. ఆ కుర్చీ పిల్లలు గిరగిరా తిప్పి పాడుచేసింది, ఆవిడ కూర్చోగానే కిందికి దిగిపోయింది. ఆవిడ తల ఇప్పుడు బల్లకి కొంచెం పైన మాత్రమే ఉంది.

"నిన్న జూడ్ కోటు తీసుకుపోదామని వచ్చినప్పుడు చూశాను ఇది, గోడ మీద" అంది. "రాత్రంతా ఆ మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నా. లండన్లో మెడకి మఫ్లర్ చుట్టుకుని, చిన్న కప్పులో కాఫీ తాగుతూ, నా కొడుకుని ఒక్క ముక్కలో తీసిపారేశాడే అని. ఇవాళ షెడ్డులో షీలాతో కూడా చెప్పా, వాడి సంగతి తేలుస్తానని. చివరికి ఇదా! ఆ మఫ్లర్ నీ మెడకే ఉందన్నమాట."

"సర్ చెప్పారు, ఒక లోపం రాయాలని..."

"ఉంటే రాయి, నేనొద్దనను. ఆ పాట బాలేదని రాయి. అది పాటేనా, కుక్క ఏడ్చినట్టుంది. టెస్ కెమెరా ఊగిపోయిందని రాయి. సినిమా మొత్తంలో నీకు దొరికింది మా వాడేనా?"

మార్నీ కాగితం చిరిగిన మూలని వేలితో సర్దుతూ కూర్చుంది.

"వాడు దానికోసం ఎంత కష్టపడ్డాడో నీకు తెలీదు. మా ముందుగదిలో సోఫా దిండ్లన్నీ నేల మీద పరిచి దబ్బు దబ్బుమని పడేవాడు. పక్కింటి మోరీన్ చీపురుకర్రతో గోడ బాదింది. నేనూ కేకలేశా, ఇల్లు పడగొట్టకురా, ఇంకా అప్పు తీరలేదు అని. ‘చూడమ్మా, ఇప్పుడు నిజంగా పడ్డట్టుందా’ అంటూ మళ్లీ పడేవాడు. నేను వంటింట్లో చిప్స్ వేయిస్తూ చూడకుండానే బావుందిరా అన్నా." ఆవిడ కాగితం మీది ఫొటో వంక చూసింది. "చూడకుండానే అన్నా మార్నీ."

ఆ గదిని వెచ్చగా ఉంచే వేడినీళ్ల గొట్టం టకటకమని కొట్టుకుంటోంది. కింద ఆవరణలో ఎవరో పిల్లలు బస్సు పోతోందని అరుచుకుంటూ పరిగెత్తారు.

"నాకు సినిమాల సంగతి తెలీదు. మార్కుల సంగతీ తెలీదు. కానీ వాడి పేరు అచ్చులో వచ్చింది ఇదొక్కచోటే. పేపర్లో చావు కబురు తప్పితే. వాడి గురించి ఆఖరున రాసిన మాట ‘నమ్మబుద్ధి కాదు’ అని ఉండకూడదు. ఉండకూడదంతే. మార్చు."

"మారుస్తాను" అంది మార్నీ గబగబా. "ఇప్పుడే మార్చేస్తాను. కొత్తది వేసి గోడకి పెడతాను."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ పిల్లకి బతుకుజీవుడా అనిపించింది. ఆవిడ వచ్చింది ఇంతేనా? ఒక వాక్యం కోసమా? పోతే పోయింది వాక్యం. ఎర్రక్షరాలు చెరిపేసి నీలం అక్షరాలు వేస్తే ఆవిడ ఇంటికి పోతుంది, మంగళవారం విచారణ అయిపోతుంది, ఈస్టరు వస్తుంది. మార్నీ పేజీ తెరిచి ఆ వాక్యాన్ని ఎంచి నొక్కింది. అది మాయమయ్యేసరికి మధ్య వరస పైకి జరిగిపోయి, అడుగున ఇంత బొక్క పడింది. నక్షత్రాలు ఎగిరి పక్క వరసలో పడ్డాయి.

"ఇదేంటి, అంతా చెదిరిపోయింది?" లొరెయిన్ తెర మీదికి వంగింది.

"ఆ జాగాలో అంతే పొడుగున్న వాక్యం రావాలి. లేకపోతే పేజీ నిలబడదు. రెండు లైన్లు నిండాలి."

"సరే, నేను చెప్తా, నువ్వు రాయి. నాకు మీలాగా రాయడం రాదు, తప్పులుంటే దిద్దుకో." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలే మాటలు పేర్చుకుంది. తర్వాత ఒక్కో మాటే ఒత్తి పలికింది.

"జూడ్ పడిన తీరు చూస్తే, నిజంగానే పడ్డాడా అనిపిస్తుంది."

మార్నీ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.

"బాలేదా?"

"బావుంది."

"పొడుగు సరిపోదా?"

"సరిపోతుంది."

"మరి కొట్టు. జూడ్ పడిన తీరు చూస్తే..."

మార్నీ ‘జూడ్’ అని కొట్టింది. ‘పడిన’ అని కొట్టింది. అక్కడితో చేతులు ఆడలేదు. ఆ పిల్ల దొంగ కాదు, రాక్షసి కాదు. పదిహేడేళ్లది, భయపడి ఒక అబద్ధం చెప్పి, దాన్ని కప్పడానికి ఇంకోటి చెప్పి, ఇంత దూరం వచ్చింది. అబద్ధం రాయమంటే ఇన్నాళ్లూ రాసింది. ఇప్పుడు తల్లి తన నోటితో నిజమే చెప్పి రాయమంటోంది, మెచ్చుకోలుగా. దాన్ని ఎర్రక్షరాల్లో వేసి గోడకి కొట్టాలి. వచ్చేపోయే వాళ్లంతా భలే నటించాడు పాపం అనుకుంటారు. అది మాత్రం మార్నీ చేతుల్లోంచి రాలేదు.

లొరెయిన్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. "మార్కులు పోతాయని భయమా? మీ సర్‌తో నేను మాట్లాడతాలే. లోపం కావాలంటే ఇంకోటి రాసుకోమను. మా ఆయన కీత్ బోటు మీంచి వచ్చాక ఇంతవరకు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. క్రిస్మస్ ముందే చెప్పాడు, ‘నేను రెండేసి వారాలు ఆ గాలిమరల దగ్గర సముద్రంలో ఉంటా, మెట్ల తివాచీ లేచింది, ఎవణ్ణైనా పిలిచి మేకు కొట్టించు’ అని. నేను రేపు రేపు అన్నా. ఇప్పుడాయన వాళ్లన్నయ్య ఇంట్లో పడుకుంటున్నాడు. ఏమీ అనడు, ఇందాక వ్యాన్లో ఇక్కడికి దింపినా ఒక్క ముక్క అనలేదు. అంటే బావుండు. ఆ తివాచీ పీకి పెరట్లో తగలబెట్టా, కంపు వారం దాకా పోలేదు." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "వాడికి నేనేం చెయ్యలేకపోయా. ఈ ఒక్క వాక్యమన్నా చేయించనీ బంగారం."

‘బంగారం’ అనే మాట ఆ ఊళ్లో బస్సు డ్రైవరు దగ్గర్నుంచి అందరూ అందరినీ అంటారు. ఆ రోజు ఆ మాట మార్నీని చెంపదెబ్బ కన్నా గట్టిగా తాకింది.

"ఉండు" అంది లొరెయిన్ హఠాత్తుగా. "నువ్వు ఆలోచిస్తున్నావు, ఆ మాట పూర్తిగా కుదరలేదని. నాకూ అలాగే ఉంది. ఒకసారి ఆ ముక్క వెయ్యి. చూస్తూ చెప్తా. ఈసారి చూసే చెప్తా."

వద్దనడానికి మార్నీకి కారణం దొరకలేదు. సినిమా కూర్చిన ప్రోగ్రాం తెరిచింది. అందులో ముక్కలన్నీ రంగురంగుల పట్టీల్లా వరసగా ఉన్నాయి. పడిపోయే ముక్క దగ్గరికి జరిపి నొక్కింది.

తెర మీద జూడ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. సినిమాలో వాడి తండ్రి ఎక్కిన పడవ అప్పటికే రేవు దాటిపోతోంది. పైనుంచి గట్టు దిగుతూ ‘నాన్నా’ అని అరిచాడు. నీళ్లు వెనక్కి పోయిన చోట గట్టంతా పచ్చగా పాచి పట్టి ఉంది. కాలు జారింది. అరుపు లేదు, చేతులు ఊపడం లేదు, ఉన్న మనిషి ఉన్నట్టే వెనక్కి వెళ్లిపోయాడు. వెంటనే ఖాళీ సముద్రం వచ్చింది. నిజంగా పడేవాడు అంత సాదాగా పడతాడని మనకి తెలియదు. అందుకే క్లాసులో నవ్వారు.

"మళ్లీ" అంది లొరెయిన్.

మళ్లీ వేసింది.

"ఇంతేనా? ఇక్కడ ఎందుకు ఆపేశారు? పడి లేచేదాకా చూపించొచ్చుగా."

"సినిమాకి అంతే కావాలి."

"సినిమాకి సరే. తీసింది ఇంకా ఉంటుందిగా. ఇంకొంచెం చూపించు. సినిమా కోసం కాదు." ఆవిడ కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుంది. "వాడివి నా ఫోన్లో ఉన్నవన్నీ చూసి చూసి అరిగిపోయాయి. నేను చూడని ముక్క ఇంకొక్కటి, ఎంతుంటే అంత. లేచి నిలబడితే చాలు, ఆపేద్దువు."

ఇక్కడ మార్నీ లేదని అనొచ్చు. కెమెరా అక్కడే ఆపేశామనొచ్చు, మిగతాది తుడిచేశామనొచ్చు. తుడిచెయ్యమని టెస్ రోజూ ప్రాణం తీస్తూనే ఉంది. రేపు చేస్తా, రేపు చేస్తా అంటూ మార్నీ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. జూడ్ బతికుండగా తీసిన ఆఖరి బొమ్మల్లో ఒకటి అది, దాన్ని తుడవడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ తల్లి మొహం తన మొహానికి జానెడు దూరంలో ఉంది. కళ్ల కింద నల్లగా ఉంది. కొడుకుని ఇంకో పది క్షణాలు చూపించమని అడుక్కుంటోంది.

మార్నీ మౌసు పట్టుకుంది. ఆ పట్టీ చివర పట్టుకుని కుడివైపుకి లాగింది. సాగుతూ పోయింది, కత్తిరించిందంతా బయటికి వచ్చింది. ఆ పిల్ల బతుకులో చేసిన పనులన్నిట్లో ధైర్యమైన పని అదే, కాకపోతే ఆరు వారాలు ఆలస్యంగా చేసింది. నొక్కి, కుర్చీలో వెనక్కి వాలింది.

జూడ్ పడ్డాడు. ఈసారి సముద్రం రాలేదు. గట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాడు, కదల్లేదు. కెమెరా వెనక నుంచి మార్నీ గొంతు వినిపించింది, హుషారుగా.

"అదిరింది! టెస్, ఆపకు, తిప్పుతూనే ఉండు!"

జూడ్ లేచి కూర్చున్నాడు. తల వెనక చెయ్యి పెట్టుకున్నాడు, అరచెయ్యి చూసుకున్నాడు, కెమెరా వైపు తిరిగి పళ్లికిలించాడు. "వచ్చిందా? పడిందా కెమెరాలో?"

లొరెయిన్ నవ్వింది. ముందు అదే జరిగింది. వాడి మొహం చూడగానే ఆవిడ మొహం విచ్చుకుంది, చెయ్యి తెర దాకా వెళ్లింది. "చూడు వాడి పళ్లు" అంది ఎవరితోనో.

"పరుపేది?" తెర లోపల టెస్ గొంతు. "మార్నీ, పరుపు వెయ్యలేదా?"

"ఫ్రేములో కనబడుతోందని తీసేశా. ఇది ఉత్తినే పరిగెత్తే షాటు కదా, పడమని ఎవరన్నారు? జూడ్, బానే ఉన్నావుగా?"

"చెవిలో గంట కొడుతోంది" అన్నాడు జూడ్ నవ్వుతూనే. "మా అమ్మకి మాత్రం చెప్పకండే, ఆదివారం షూటింగుకి రానివ్వదు."

"సరే సరే. వెలుతురు పోతోంది. పద, ఇంకొక్కసారి, అటువైపు నుంచి."

జూడ్ లేచాడు. ఒక అడుగు పక్కకి తూలి, సర్దుకుని, గట్టు ఎక్కడం మొదలెట్టాడు. అక్కడ ముక్క అయిపోయింది.

లొరెయిన్ చెయ్యి ఇంకా తెర మీదే ఉంది. నవ్వు మొహం మీంచి పోలేదు, పోవడం మరిచిపోయినట్టు అక్కడే ఉండిపోయింది. చాలాసేపటికి చెయ్యి దింపింది.

"మెట్లు కావు" అంది.

"కావు."

"తివాచీ కాదు."

"కాదు లొరెయిన్."

"పరుపుందని చెప్పావు. మా ఇంటికొచ్చి, నా వంటింట్లో కూర్చుని, నా చేతి టీ తాగి చెప్పావు. నేను నీ వీపు నిమిరాను. పాపం ఈ పిల్ల ఎంత బాధపడుతోందో అని."

మార్నీ ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకి లేదని ఆ పిల్లకి తెలుసు.

"మళ్లీ చేయించావా? అటువైపు నుంచి?"

"చేయించాను."

"తూలుతున్నాడు కదే. కనబడలేదా? నీ ఎదురుగా తూలాడు."

"కనబడింది. వెలుతురు పోతోందని..." అక్కడ మార్నీకి తన మాట తనకే వినబడింది. ఆగిపోయింది.

లొరెయిన్ గబుక్కున లేచింది. కిందికి దిగిన కుర్చీ వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. అంతలోనే ఎందుకో ఆగి, ఈసారి మెల్లగా అడిగింది. "అమ్మకి చెప్పకండని వాడే అన్నాడు. వాడికి మాటిచ్చావనేనా చెప్పంది?"

అది ఆవిడ చాచిన చెయ్యి. పట్టుకుంటే మార్నీ ఒడ్డెక్కేది. స్నేహితుడి ఆఖరి మాట నిలబెట్టిన పిల్ల అయ్యేది. అది అబద్ధం కూడా కాదు, వాడు అన్న మాట తెర మీదే వినబడింది. ఆవిడ కూడా అలా అయితే బావుండునని ఆశపడుతోంది. కొడుకు స్నేహితురాలు తనని ఇలా మోసం చేసిందనుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

"కాదు" అంది మార్నీ. "భయమేసింది. నన్ను అంటారని. మీరు మెట్లన్నారు. మీ అంతట మీరే అన్నారు. నేను... పోన్లే అనుకున్నాను."

‘పోన్లే’ అనే మాట ఆ గదిలో అలా ఉండిపోయింది. అది విన్న తల్లి ఆ పిల్లని కొట్టి ఉంటే నేనైతే తప్పుపట్టను. లొరెయిన్ కొట్టలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. ఆవిడ భుజాలు ఒక్కసారి పైకి లేచి పడ్డాయి. ఆరు వారాలుగా ఆవిడ మీద ఉన్న బరువు దిగింది, అందులో అనుమానం లేదు. ఆ స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది, అది దానికన్నా తేలికేమీ కాదు. తలనొప్పన్నప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లేది కదా, పడ్డాడని ఒక్కరు ఫోను చేసి చెప్పుంటే. ఒక్క ఫోను. ఆ లెక్క ఆవిడ మనసులో అప్పుడే మొదలైంది.

"కంప్యూటర్ కట్టెయ్యకు" అంది అటు తిరిగే.

"లేదు."

"అది చెరపకు."

"చెరపను. మంగళవారం నేనొస్తాను లొరెయిన్. అక్కడికొచ్చి అంతా చెప్తాను. ఒట్టు."

"మంగళవారం దాకా ఎందుకు?"

ఆవిడ కిటికీ గొళ్లెం తీసింది. ఉప్పుగాలి లోపలికి కొట్టింది. బల్ల మీది కాగితం లేచి నేల మీద పడింది, ఎర్రక్షరాలు పైకి ఉన్నాయి. లొరెయిన్ బయటికి వంగి, చెయ్యెత్తి ఊపింది. మార్నీ ఆవిడ భుజం పక్కనుంచి కిందికి చూసింది. గేటు దగ్గర తెల్ల వ్యాను ఆగి ఉంది. లోపల స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఓ పెద్ద ఆకారం కూర్చుని ఉంది.

"కీత్!" లొరెయిన్ కేక ఆవరణంతా వినబడింది. "పైకి రా! రెండో అంతస్తు!"

వ్యాను తలుపు తెరుచుకుంది. లొరెయిన్ కిటికీ మూసి ఇటు తిరిగింది. ఆవిడ కళ్లు పొడిగా ఉన్నాయి. గోడ దగ్గర పడున్న కుర్చీని లాక్కొచ్చి తెర ఎదురుగా, సరిగ్గా మధ్యన వేసింది.

"నేను నోరు విప్పను" అంది. "నువ్వే వెయ్యాలి, నువ్వే చెప్పాలి, ఇందాక నాకు చెప్పినట్టే, పోన్లే అనుకున్నదాకా మొత్తం. ఆయన నిన్ను ఏమన్నా అన్నా, ఏం చేసినా, నేను మాత్రం అడ్డం రాను."

బూట్ల చప్పుడు మొదటి అంతస్తు దాటింది.